మార్చి నెలలో పొడుగు చేతుల చొక్కా

ఆ ఆదివారం పొద్దున్న మంచం మీంచి లేవడానికే లాజరు మూడుసార్లు ప్రయత్నించాడు. మొదటిసారి లేచి కూర్చున్నాడు. రెండోసారి కాళ్ళు కింద పెట్టాడు. మూడోసారి "పెబువా, ఈ ఒక్క రోజూ కొండెక్కించీ" అనుకుంటూ గోడ పట్టుకుని నిలబడ్డాడు. కిందటి ఆదివారమూ ఇదే మాట, అంతకు ముందు ఆదివారమూ ఇదే మాట. వినీ వినీ దేవుడికి కూడా విసుగొచ్చి ఉంటుంది.

మందసకి ఇవతల, ఉద్దానంలో కొండవారన ఉన్న రాళ్ళపేట అతని ఊరు. ఊరి వెనకాల లేచిన కొండని కావిలికొండ అంటారు. మరీ పెద్దదేం కాదు, గంటన్నరలో ఎక్కెయ్యొచ్చు. పచ్చదనం మాత్రం చూసి తీరాలి. మొదట్లో జీడితోటలు, నడుమ వెదురు, పైకి పోతే మోకాలెత్తు గడ్డి. శిఖరాన రెండో ప్రపంచ యుద్ధం నాడు తెల్లదొరలు కట్టించిన గచ్చుగది ఒకటుంది. దాని గోడకి సముద్రం వైపు జానెడు వెడల్పున చీలిక. జపాను ఓడలు వస్తున్నాయేమో చూడమని ఆ చీలిక దగ్గర ఒక మనిషిని కాపలా పెట్టేవారు. యుద్ధం అయిపోయింది, దొరలు వెళ్ళిపోయారు, గది చుట్టూ తుప్పలు మొలిచాయి. ఐదేళ్ళ కిందట అటవీశాఖ వాళ్ళు ఆ తుప్పలు కొట్టించి, దారి వేసి, రాళ్ళ మీద పసుపురంగు బాణాలు గీయించారు. అప్పట్నించీ విశాఖపట్నం జనం ఆదివారాలు రైల్లో పలాసలో దిగి, ఆటోలు మాట్లాడుకుని, వీపులకి సంచులు తగిలించుకుని వస్తున్నారు. రాళ్ళపేట ముసలాళ్ళకి ఇది ఇప్పటికీ మింగుడు పడదు. కట్టెల కోసం కాదు, తప్పిపోయిన ఆవు కోసమూ కాదు, ఊరికే కొండెక్కి దిగడమేమిటి, తిన్నదరక్కపోతే!

ఆ తిన్నదరగని జనానికి దారి చూపించే పని లాజరుది. నిజానికి దారి చూపించడానికి పసుపు బాణాలు చాలు. లాజరుని పెట్టుకున్నది కథ కోసం. ఆ గదిలో కాపలా ఉన్న మనిషి లాజరు తాత ఏసుదాసు. ఊళ్ళో వాళ్ళింటిని ఇప్పటికీ జపానోళ్ళ ఇల్లు అంటారు. ఇతన్ని జపాను లాజరు అంటారు. తాత ఆ చీలికలోంచి జపాను ఓడల్ని ముందుగా పసిగట్టి, గది బయట వేలాడే రైలుపట్టా ముక్కని కొట్టి, పది ఊళ్ళ జనాన్ని కొండల్లోకి పంపించి కాపాడాడని లాజరు చెబుతుంటే పట్నం పిల్లలు నోళ్ళు తెరుచుకుని వినేవారు. కొందరు వీడియో తీసేవారు. లాజరు గొంతు అప్పుడు కంచులా మోగేది.

కొండ దిగితే ఆ గొంతు ఉండదు. దిగితే అతను మంగళవారం, శుక్రవారం. పలాస ఆస్పత్రిలో ఆరో నంబరు మంచం.

ఉద్దానంలో కిడ్నీ జబ్బు గురించి కొత్తగా చెప్పేదేముంది? నీళ్ళన్నారు, ఎండన్నారు, మందులన్నారు. పెద్ద పెద్ద డాక్టర్లొచ్చి సీసాల్లో రక్తం పట్టుకుపోయారు. ఇదీ కారణమని తేల్చి చెప్పినవాడు లేడు. లాజరుకి మొదట కాళ్ళు వాచాయి. తర్వాత అన్నం వెగటేసింది. రక్తపరీక్ష చేయిస్తే అందులో వచ్చిన నంబరు చూసి కాంపౌండరు మొహం పక్కకి తిప్పుకున్నాడు. ఎడమ ముంజేతిలో నరాన్ని నరంతో కలిపి కుట్టి సూదులు గుచ్చడానికి దారి చేశారు. రెండేళ్ళుగా వారానికి రెండుసార్లు నాలుగేసి గంటలు రక్తం శుభ్రం చేసే మర పక్కన పడుకోవడమే. ఆ నరం ఉబ్బి వానపాములా తేలింది. వేళ్ళు ఆనిస్తే లోపల గురగురమంటుంది. రోజుకి ముప్పావు లీటరుకి మించి నీళ్ళు తాగకూడదు. మంచినీళ్ళు, టీ, మజ్జిగ అన్నీ ఆ ముప్పావులోనే.

ఈ సంగతి అటవీశాఖకి తెలియకూడదు. దారి చూపించే మనిషి ఆరోగ్యంగా ఉండాలని పనిలో పెట్టుకున్న రోజే కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. అందుకని లాజరు కాశీబుగ్గ వెళ్ళి మూడు పొడుగు చేతుల చొక్కాలు కుట్టించుకున్నాడు. ఎండెంత కాసినా మణికట్టు దగ్గర బొత్తాం పెట్టుకునే కొండెక్కుతాడు. ఎవరైనా అడిగితే "ఎండకి సర్మం పేలతంది బాబూ" అంటాడు. పన్నెండేళ్ళప్పట్నించీ జీడితోటల్లో పిక్కలేరి, ఆనక పలాస ఫ్యాక్టరీలో పిక్కలు కాల్చే బట్టీ ముందు ఇరవై ఏళ్ళు నిలబడిన మనిషి చర్మం ఎండకి పేలుతుందంటే నమ్మేవాళ్ళు ఎవరని ఒక్కసారైనా ఆలోచించాడా, లేదు. జీడిసొన తినేయగా అతని వేళ్ళకి గీతలే మిగల్లేదు. రేషను దుకాణం మిషను మీద వేలు పెడితే ఇప్పటికీ పలకదు. ఉన్న అర ఎకరం జీడితోటనీ తిత్లీ తుఫాను ఒక్క రాత్రిలో వేళ్ళతో సహా పెకలించి పడేసింది. జీవితంలో గర్వంగా చెప్పుకోవడానికి అతనికి మిగిలింది ఈ కొండ, ఈ కథ. అంతే. అది కూడా పోతే ఆరో నంబరు మంచమే ఇరవై నాలుగు గంటలూ.

"ఈయేల మానీకూడదా?" అంది అన్నమ్మ, చొక్కా చేతికిస్తూ. ఆమె అప్పటికే గుడికి తయారైంది, చేతిలో బైబిలు సంచి. "మొకం సూడు ఎలాగ పాలిపోనాదో. పాస్టరుగారు నన్నడుగుతారు, మీ ఆయనికి ఆదోరం దేముడు కొండ మీద కనిపిత్తన్నాడా అని."

"కనిపిత్తన్నాడని సెప్పు."

"ఎటకారాలకేటి తక్కువ్లేదు. పోనీ ప్రియని తోడు తీసుకెళ్ళు."

ప్రియ వాళ్ళ ఒక్కతే కూతురు, ఇరవై నాలుగేళ్ళది. పలాస ఫ్యాక్టరీలో జీడిపప్పు గ్రేడింగు చేస్తుంది. వారానికి ఆరు రోజులు బల్ల ముందు నిలబడి గుండు వేరు, బద్ద వేరు, ముక్క వేరు. ఉన్న ఒక్క ఆదివారం తలంటుకుని పడుకుందామనుకున్న పిల్ల, తల్లి చూపు చూసి చెప్పులు తొడుక్కుంది.

"తోడెందుకే? తోడొత్తే ముసిలోడైపోనాడనుకుంటారు" అన్నాడు లాజరు.

"కాలేదా మరి?" అంది ప్రియ.

లాజరు ఒక లవంగం నోట్లో వేసుకుని బయల్దేరాడు. నోరెండినప్పుడు లవంగం చప్పరిస్తే కాస్త ఆగుతుందని పక్కనున్న ఏడో నంబరు మంచం ఆవిడ చెప్పింది.

కొండ మొదట్లో రేకుల పాక ఉంది. అందులో ఫారెస్టు గార్డు ఢిల్లీరావు రిజిస్టరు ముందేసుకుని కూర్చుని ఉన్నాడు. ముప్పై ఐదేళ్ళవాడు, కవిటి వైపు మనిషి, లాజరుని "మావా" అంటాడు. ఆ రోజు వచ్చిన వాళ్ళు తొమ్మిది మంది. వాళ్ళకి పెద్ద శ్రావణి అనే ఉద్యోగస్తురాలు, టోపీ పెట్టుకుని చకచకా లెక్కపెడుతోంది. అందరికీ చివర డెబ్భై ఏళ్ళ పెద్దాయన, సన్నగా, నెరిసిన జుట్టు, చేతిలో కర్ర. పేరు భాస్కరరావు, పోర్టులో పనిచేసి రిటైరయ్యాడట.

"మావా, నెమ్మదిగా తీసుకెళ్ళు. పెద్దాయనున్నారు" అన్నాడు ఢిల్లీరావు.

"నాకు సెప్పాలేటి?" అన్నాడు లాజరు, గొంతు పెంచి. ఈ మధ్య ఎప్పుడూ ముసలాళ్ళున్న గుంపులే తగులుతున్నాయి తనకి. అదీ దేవుడి దయే అనుకున్నాడు.

జీడితోటలోంచి నడక. పూత విరగబూసి ఉంది, కొమ్మల చివర్లు ఎరుపెక్కాయి. ఆ వాసన పట్నం వాళ్ళకి కొత్త. ఆగి ఆగి ఫొటోలు తీసుకున్నారు. వాళ్ళు ఆగినప్పుడల్లా లాజరు ఓ చెట్టుకి చెయ్యి ఆనించి, చెట్టు గురించి ఏదో చెబుతున్నట్టు నిలబడేవాడు. చెట్టు గురించి చెప్పడానికి నాలుగు మాటలున్నాయి. అలుపు తీరడానికి నలభై కావాలి. పావుగంట నడిచేసరికి చొక్కా వీపుకి అంటుకుపోయింది.

కింద గుడి గంట మోగింది. గంటంటే కంచుగంట కాదు, రైలుపట్టా ముక్క. యుద్ధమయ్యాక కొండమీది గది దగ్గర్నించి దాన్ని దించి గుడి ముందర చింతకొమ్మకి కట్టారు. అదే ముక్క, ఒకప్పుడు జనాన్ని పారిపొమ్మంది, ఇప్పుడు రమ్మంటోంది. ఈ మాట లాజరు ప్రతి గుంపుకీ ఇక్కడే చెబుతాడు, అందరూ నవ్వుతారు. ఆ రోజు నోరు తెరిచాడు గానీ మాటకి సరిపడా ఊపిరి రాలేదు. మూసుకున్నాడు.

"అంకుల్, వాటర్ తీసుకోండి" అని శ్రావణి సీసా చాచింది. చల్లటి సీసా, పైన చెమ్మ పట్టి ఉంది.

ఓయమ్మ, ఆ సీసా! లాజరు కళ్ళు దాన్ని తాగేశాయి. "ఉపాసం అమ్మా. శ్రమల దినాలు కదా" అన్నాడు. అవి నిజంగానే ఈస్టరు ముందటి ఉపవాస దినాలు, అయితే అతను ఉపవాసం లేడు. పొద్దున్నే రెండిడ్లీలు తిన్నాడు. ఆదివారం పూట గుడి ఎగ్గొట్టి, పైగా ఉపవాసం పేరు చెప్పి అబద్ధం. వెనకాల ప్రియ గట్టిగా ఊపిరి వదిలింది.

వెదుళ్ళు దాటాక దారి నిటారుగా లేస్తుంది. అది దాటితే కూలీల బండ. గది కట్టేటప్పుడు సిమెంటు బస్తాలు మోసిన కూలీలు దించుకుని సేద తీరిన చోటు. అక్కడ ఏడాది కిందట ఒక సిమెంటు బల్ల కూడా వేశారు. ఆ నిటారు దారిలో పైకి చూస్తే లాజరుకి కాళ్ళు రాలేదు. కిందకి చూసి, ఒక్కో అడుగూ బతిమాలి వేయించాడు. చెవుల్లో హోరు. పళ్ళ మధ్య లవంగం పిప్పి. బండ దాకా వచ్చేసరికి కళ్ళ ముందు నల్లటి చుక్కలు తేలాయి. ఇంకా సగం దారుంది. ఇక్కడ పడిపోతే ఎత్తుకుని దించుతారు, చొక్కా బొత్తాలు విప్పుతారు, చెయ్యి చూస్తారు. అయిపోతుంది.

సరిగ్గా అప్పుడు భాస్కరరావు బల్ల మీద కూలబడ్డాడు.

"నా వల్ల కాదు శ్రావణీ. మోకాళ్ళు పట్టేశాయి. మీరు వెళ్ళి రండి" అన్నాడు.

లాజరుకి ఏడుపొచ్చినంత పనైంది. స్తోత్రం పెబువా, నీ కృపకి స్తోత్రం. "సారుని ఒంటరిగా ఒదిలీకూడదు. నాను తోడుంటాను. మా గుంట తీసుకెళ్తాది, దానికి దారి తెలుసు" అన్నాడు, ఎక్కడలేని బాధ్యతా మొహం మీద తెచ్చుకుని. ప్రియని పక్కకి పిలిచాడు. "పైన కత కూడా సెప్పాల. సరిగ్గా సెప్పు."

"ఏ కత?"

"ఏ కతేటే? మన కత."

ప్రియ తండ్రి వైపు ఒక్క క్షణం చూసి, ముందుకి నడిచింది. తొమ్మిదిలో ఎనిమిది మంది ఆమె వెనక గడ్డిలోకి వెళ్ళిపోయారు.

బల్ల మీద ఇద్దరే మిగిలారు. ఆ ఎత్తు నుంచి ఉద్దానం అంతా కనిపిస్తుంది. జీడి, కొబ్బరి, పనస కలిసిపోయిన పచ్చదనం, దాని అంచున సముద్రం సన్నటి గీత. ఇంత పచ్చటి చోటా మనుషులు ఇలా ఎండిపోవడం అని చూసినవాళ్ళకి అనిపించక మానదు. లాజరు ఊపిరి మెల్లగా దారికొచ్చింది.

"ఏ రోజులు?" అన్నాడు భాస్కరరావు, సముద్రం వైపే చూస్తూ.

"ఏటండీ?"

"డయాలసిస్. ఏ రోజులు?"

"అబ్బెబ్బే, అదేటి లేదండి. ఎండకి సర్మం..."

"మా ఆవిడ కూడా ఇలాగే కూర్చునేది. కుడిచేత్తో ఎడమ ముంజెయ్యి పట్టుకుని. ఆ గురగుర ఉందా లేదా అని నిద్దట్లో కూడా తడుముకునేది."

లాజరు చూసుకున్నాడు. నిజమే, కుడిచెయ్యి తనకి తెలియకుండానే ఎడమచేతి మీదకి వెళ్ళి కూర్చుంది. ఇక దాచడానికి ఓపిక కూడా లేదు.

"మంగళ, శుక్కర" అన్నాడు.

"ఆవిడకి సోమ, గురు. ఐదేళ్ళు. పోయి నాలుగేళ్ళవుతోంది."

"మరి మీ మోకాళ్ళు సారూ?"

"నా మోకాళ్ళకేం? రోజూ బీచిరోడ్డు మీద ఐదు కిలోమీటర్లు నడుస్తాను. మీరు ఎలాగూ కూర్చోరు, ఎవరో ఒకరు ముందు కూర్చోవాలి కదా."

లాజరు తల దించుకున్నాడు. తాను ఆయనకి తోడున్నాననుకుంటే, ఆయన తనకి తోడున్నాడు. సిగ్గేసింది, కోపమొచ్చింది, ఆ రెండింటికీ కూడా ఓపిక చాలక ఊరుకున్నాడు.

"ఆ కథ చెప్పండి. దాని కోసమే వచ్చాను నేను" అన్నాడు భాస్కరరావు. "యుద్ధంలో విశాఖపట్నం మీద జపాను బాంబులు పడ్డ రోజు మా నాన్న హార్బరులో కూలిపనిలో ఉన్నాడు. రైలు పట్టాల వెంట విజయనగరం దాకా పరిగెత్తాడట."

లాజరు అలవాటుగా మొదలుపెట్టాడు. "మా తాత ఏసుదాసు, ఆ సీలికలోంచి జపాను ఓడల్ని..." అని ఆగిపోయాడు. ఆ కథకి గొంతు కావాలి, చేతులు ఊపాలి, నిలబడాలి. నిజానికైతే అవేం అక్కర్లేదు, కూర్చునే చెప్పొచ్చు.

"ఓడలు కావండి అయి" అన్నాడు. "పడవలు. విశాపట్నంలో బాంబులు పడ్డాక అక్కడ పనికెళ్ళిన మనోళ్ళు ఉండగలరేటి? రైళ్ళు కిక్కిరిసిపోనాయి. సేపలోళ్ళ పడవలు మాటాడుకుని ఇంటికొచ్చీసినారు. ఇరవయ్యో ముప్పయ్యో తెరసాపలు ఒక్కపాలే కనిపించీసరికి మా తాత జపానోడే అనుకున్నాడు. పట్టా కొట్టీసినాడు. ఊళ్ళకి ఊళ్ళు పొయ్యి మీద గంజి పొయ్యి మీదే ఒదిలీసి కొండల్లోకి పారిపోనాయి. మనోళ్ళు ఇంటికొత్తంటే మనమే పారిపోనామండి."

భాస్కరరావు నవ్వబోయి, లాజరు మొహం చూసి ఆగాడు.

"ఆ పడవల్లో మా తాత అన్న దావీదు కూడా ఉన్నాడు. ఊళ్ళోకొచ్చి సూత్తే పురుగు లేదు. పెళ్ళాం లేదు, పిల్లల్లేరు, గంజి కుక్కలు తాగుతన్నాయి. జపానోళ్ళు అందర్నీ ఎత్తుకుపోనారనుకున్నాడు. ఎతుక్కుంటా బరంపురం కేసి నడిసెలిపోనాడట. మా వోళ్ళు మూడో రోజు కొండ దిగినారు. ఆడు మరి రాలేదు. ఈ రోజు వరకూ రాలేదు." లాజరు చొక్కా చివరతో మొహం తుడుచుకున్నాడు. "మా తాత సచ్చీదాకా ఆ పట్టా మోగితే సెవులు మూసుకునీవోడు. మా అమ్మ సెప్పింది. నాను ఇన్నాళ్ళూ ఎవులికీ సెప్పనేదు."

"మీ తాతని తప్పు పట్టలేం" అన్నాడు భాస్కరరావు. "అంత భయంలో ఎవరొస్తున్నారో ఎలా తెలుస్తుంది?"

ఎండ బల్ల మీదకి వచ్చింది. జరిగి నీడలో కూర్చున్నారు. అంత తృప్తిగా, ఏ సాకూ వెతుక్కోకుండా కూర్చుని ఎన్నాళ్ళయిందో లాజరుకి గుర్తు రాలేదు.

గంటన్నర తర్వాత గుంపు దిగింది. ఎప్పుడూ కేకలేసుకుంటూ దిగే జనం ఆ రోజు నెమ్మదిగా ఉన్నారు. శ్రావణి లాజరు దగ్గరికొచ్చి, "ఆ దావీదుగారి సంగతి తర్వాతైనా తెలిసిందా అంకుల్?" అని అడిగింది.

లాజరు కూతురి వైపు తిరిగాడు. "ఎవులు సెప్పమన్నారే నిన్ను?"

"నాయనమ్మ సెప్పింది అదే. నాకు అదే తెలుసు" అంది ప్రియ. "జపాను ఓడలు ఇక్కడికొచ్చాయంటే ఈళ్ళు ఫోన్లో ఎతికి అబద్దమని పట్టీగలరు నాన్నా. రోజులు మారిపోయాయి."

తిట్టాలనుకున్నాడు. తిట్టడానికి మాత్రం ఊపిరెక్కడిది? ఆమె భుజం పట్టుకుని దిగడం మొదలుపెట్టాడు. మొదటిసారి అందరి ముందూ పట్టుకున్నాడు.

పాక దగ్గరికి చేరేసరికి మధ్యాహ్నమైంది. పట్నం వాళ్ళు ఆటోలెక్కారు. భాస్కరరావు వెళ్తూ లాజరు కుడిచెయ్యి రెండు చేతుల మధ్యా పట్టుకుని వదిలాడు. ఢిల్లీరావు రిజిస్టరు తీశాడు. వచ్చే ఆదివారానికి దారి చూపించే వాళ్ళ పేరు ఆ రోజే రాసి సంతకం పెట్టించుకోవడం అక్కడి పద్ధతి.

"రాయనా మావా?"

"ప్రియ పేరు రాసుకో" అన్నాడు లాజరు. ఆ మాట అనడానికి అతనికెంత కష్టమైందో ఆ పాకలో ఇద్దరికీ కనిపించింది.

"వద్దు" అంది ప్రియ. "నాకు ఆదివారం ఒక్కటే సెలవు నాన్నా. ఆరు రోజులు నిలబడి కాళ్ళు లాగేస్తాయి. ఏడో రోజు కొండెక్కమంటే నావల్ల కాదు. నిన్ను మోసుకురమ్మంటే వస్తాను. నీ పని నేను చెయ్యలేను."

ఇన్నాళ్ళూ తన కొండ ఎవరో లాక్కుపోతారని లాజరు భయపడ్డాడు. తీరా ఇస్తానంటే పుచ్చుకునేవాళ్ళు లేరు. పాక గుంజకి జారబడి కాసేపు నిలబడ్డాడు. తర్వాత ఎడమచేతి బొత్తాం విప్పాడు. చొక్కా మోచేతి దాకా మడిచాడు. ఉబ్బిన నరం, దాని వెంట సూదుల మచ్చలు, మొన్న శుక్రవారం వేసిన పట్టీ ఇంకా అలాగే ఉంది.

"సూడు బాబూ. రెండేళ్ళయినాది. అబద్దమాడినాను. నా పేరు కొట్టీ" అన్నాడు.

ఢిల్లీరావు చెయ్యి వైపు చూడనైనా చూడలేదు. "అయిందా?" అన్నాడు. "సొక్కా సెయ్యి దించుకో మావా, ఎండ తగల్నీకు."

"నీకు తెలుసా?"

"ఓరి నాయనా! మార్చినెల్లో ఉద్దానంలో పొడుగు సేతుల సొక్కా తొడుక్కున్నోడెవుడో పాలు తాగే గుంటడికైనా తెలుసు మావా. సర్మం పేలతందంట! మా ఊళ్ళో ఈదికి పదిమంది ఉన్నారు ఆ సొక్కాలోళ్ళు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు నువ్వు బొత్తాలెట్టుకుంటే మాకు కనిపించదేటి? మొదటి ఆదివారమే తెలిసిపోనాది. మరి ముసిలోళ్ళ గుంపులన్నీ నీకే ఎందుకిత్తన్నాననుకున్నావు? ఆ బండ కాడ బల్ల ఎవులి కోసమేయించేననుకున్నావు, కోతుల కోసమా?"

రెండేళ్ళు. రెండేళ్ళుగా లాజరు చెమటలు కక్కుతూ దాచిన సంగతికి చుట్టూ ఉన్నవాళ్ళు అతనికంటే జాగ్రత్తగా కాపలా కాశారు. పారిపోయినన్నాళ్ళూ వెనకాల వస్తున్నది తనవాళ్ళే. గుంజ పట్టుకుని మెల్లగా కిందకి జారి నేల మీద కూర్చున్నాడు.

"పేరు కొట్టను" అన్నాడు ఢిల్లీరావు, రాస్తూనే. "బండ దాకా నువ్వు రా. అక్కడే కూకుని కత సెప్పు. ఆ పైకి నాను తీసుకెళ్తాను. కాని మావా, ఒక్క మాట. మా అమ్మకి మాత్రం నువ్వు పైదాకా ఎక్కినావనే సెప్తాను. ఆవిడ నీకెక్కడైనా కనిపిత్తే నువ్వూ అదే మాట సెప్పు."

"మీ అమ్మకేటి?"

ఢిల్లీరావు పెన్ను మూత పెట్టాడు, తీశాడు, మళ్ళీ పెట్టాడు. "ఆవిడికీ డయాలసిస్ మొదలెట్టి ఏడాదైనాది. సోంపేటలో. ఎల్లాల్సిన రోజు మంచం దిగదు. 'ఇంక నా వల్ల కాదురా, ఒదిలీ' అంటాది. అప్పుడు నీ పేరు సెప్తాను. 'రాళ్ళపేట లాజరు మావ మొన్న ఆదివారం కొండెక్కినాడమ్మా, అంత కొండ. నువ్వు ఆటో ఎక్కలేవా?' అంటాను. గొణుక్కుంటా లెగుత్తాది. ఇప్పుడు నువ్వు సగంలో కూకుండిపోనావంటే ఇంకేటి సెప్పి లేపను?"

ప్రియ తల పక్కకి తిప్పుకుంది. తనెప్పుడూ చూడని ఆ ముసలావిడ లాజరు కళ్ళకి కట్టింది. గోడ పట్టుకుని, మూడోసారికి నిలబడుతున్న మనిషి.

"ఢిల్లీ" అన్నాడు.

"సెప్పు మావా."

"ఇంటికెళ్ళి నిజం సెప్పు. లాజరు సగంలోనే కూకుండిపోనాడు, కూతురి బుజం పట్టుకుని దిగినాడు అని సెప్పు."

"అదేటి మావా, అలగ సెప్తే ఆవిడి..."

"ఎల్లాల్సిన రోజు ఎలాగో ఎల్తాది, నువ్వు మోసుకెళ్ళు. కాని ఇది సెప్పు. ఏడాది బట్టీ నన్ను సూసి లెగుత్తంది ఆ తల్లి. ఒక్కపాలైనా నన్ను సూసి కూకోనీరా."